పసిపిల్లల్లో గ్యాస్ బాధ: ఎలా గుర్తించాలి? ఎప్పుడు కంగారు పడాలి?

ఒమన్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో కొత్తగా బిడ్డ పుట్టిన ఏ ఇంట్లోనైనా మొదటి మూడు నెలల్లో తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "గ్యాస్ పట్టినట్టుంది." మస్కట్‌లో పిల్లల వైద్యం చేస్తున్న నాకు మనవాళ్ళ నుంచి ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే. రువి, అల్ ఖువైర్, గుబ్రాల్లో ఉన్నవాళ్ళే కాదు, సొహార్, సూర్, దుక్మ్, సలాలాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు కూడా అడుగుతుంటారు. "డాక్టరుగారూ, బాబు కాళ్ళు ముడుచుకుని ఏడుస్తున్నాడు, గ్యాసేనంటారా? ఏం పట్టమంటారు?" అని.

మన ఊళ్ళో అయితే ఈ ప్రశ్నకు ఇంట్లో అమ్మమ్మో, నానమ్మో బిడ్డను ఒడిలో వేసుకుని చూసి సమాధానం చెప్పేవారు. ఇక్కడ అదే అమ్మమ్మ ఫోన్ తెరమీద చూసి చెప్పాల్సి వస్తోంది. తెరమీద ఏడుపు వినబడుతుంది గానీ బిడ్డ పొట్ట చేతికి తగలదు. అందుకే ఈ వ్యాసంలో గ్యాస్ బాధ గుర్తులేమిటి, గ్యాస్ లాగా కనబడుతూ గ్యాస్ కానివేమిటి, ఇంట్లో ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు, ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి అన్నవి వరుసగా చెబుతాను. బిడ్డను స్వయంగా చూసే వైద్యుడి సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదని ముందే మనవి.

ఈ గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

పసిపిల్లల కడుపులోకి గాలి రెండు దారుల్లో చేరుతుంది. మొదటిది నోటి దారి. పాలు తాగేటప్పుడు, ఏడ్చేటప్పుడు బిడ్డ గాలి మింగుతుంది. రొమ్మును సరిగ్గా పట్టుకోకపోయినా, పాలు మరీ ధారగా వస్తున్నా, సీసా పీకలో సగం గాలే ఉన్నా మింగే గాలి ఎక్కువవుతుంది. రెండవది పేగుల్లోనే పుట్టేది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరలో జీర్ణం కాని కొద్ది భాగం పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టినప్పుడు గ్యాస్ తయారవుతుంది. ఇది ఆరోగ్యంగా ఉన్న ప్రతి బిడ్డలోనూ జరిగేదే. పసిపిల్లలు రోజుకు చాలాసార్లు గాలి వదలడం జబ్బు కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. గ్యాస్ వల్ల బిడ్డ ఏడుస్తుందని మనం అనుకుంటాం. చాలాసార్లు వరుస తలకిందులు! బిడ్డ మరేదో కారణంతో ఏడుస్తుంది, ఏడుస్తూ గాలి మింగుతుంది, దాంతో పొట్ట ఉబ్బుతుంది. మనం ఎత్తుకునేసరికి పొట్ట డోలులా తగులుతుంది కాబట్టి "అదిగో గ్యాస్" అనేస్తాం. ఎక్కువగా ఏడ్చే పిల్లలకు ఏడుపు మొదట్లో ఎక్స్‌రేలు తీసి చూసినప్పుడు కడుపులో గాలి మామూలుగానే కనబడిందన్నది వైద్య పుస్తకాల్లో ఉన్న మాటే.

గ్యాస్ బాధ గుర్తులు

1. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో రొమ్ము లేదా సీసా వదిలేసి మెలికలు తిరగడం, కాస్త ఏడ్చి మళ్ళీ తాగబోవడం.

2. పాలు తాగిన కొద్దిసేపటికి ముఖం ఎర్రబడి, పిడికిళ్ళు బిగించి, కాళ్ళు పొట్టమీదికి ముడుచుకోవడం లేదా వీపు విల్లులా వంచడం.

3. పొట్ట మామూలు కంటే బిగుతుగా ఉండడం, వేలితో మెల్లగా తడితే బోలు శబ్దం రావడం. పాలు తాగాక పసిపిల్లల పొట్ట కొంత గుండ్రంగా ఉండడం సహజం. ఏడుపు ఆగి బిడ్డ నిద్రపోయినప్పుడు నొక్కి చూస్తే మెత్తగా ఉండాలి.

4. పొట్టలో గుడగుడ శబ్దాలు.

5. పడుకోబెట్టగానే ఏడుపు, భుజాన నిలువుగా ఎత్తుకోగానే నెమ్మదించడం.

6. త్రేనుపు వచ్చాకో, గాలి వదిలాకో, దొడ్డికి వెళ్ళాకో బిడ్డ ఒక్కసారిగా తేలికపడి శాంతించడం.

వీటిలో అన్నిటికన్నా నమ్మదగినది ఆరవది. మొదటి అయిదూ ఏ కారణంతో ఏడ్చే బిడ్డలోనైనా కనబడవచ్చు. కాళ్ళు ముడుచుకోవడం ఒక్కటే చూసి గ్యాస్ అని తేల్చేయకూడదు. ఆకలికి ఏడ్చే బిడ్డా కాళ్ళు ముడుస్తుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న బిడ్డా ముడుస్తుంది.

అసలు పరీక్ష: ఏడుపు ఆగాక బిడ్డ ఎలా ఉంది?

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. ఏడుపు ఎంత గట్టిగా ఉందో చూడడం కంటే, రెండు ఏడుపుల మధ్య బిడ్డ ఎలా ఉందో చూడడం ముఖ్యం. గ్యాస్ బాధ మాత్రమే ఉన్న బిడ్డ ఏడుపు తగ్గాక మళ్ళీ మామూలుగా ఉంటుంది. కళ్ళు తెరిచి చూస్తుంది, ఆకలిగా పాలు తాగుతుంది, చర్మం రంగు బాగుంటుంది. పుట్టిన అయిదో రోజు దాటాక 24 గంటల్లో ఆరు లేదా అంతకన్నా ఎక్కువ డయపర్లు తడుపుతుంది. మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరుగుతుంది.

అందుకని టీకాలకు వెళ్ళినప్పుడు బరువు వేయించి, ఆరోగ్య కార్డులో రాయించుకోవడం మరిచిపోకండి. "బాగా ఏడుస్తున్నాడు" అన్న మాటకన్నా ఆ కార్డులోని అంకెలు వైద్యుడికి ఎక్కువ చెబుతాయి.

గ్యాస్ లాగే కనబడే మామూలు సంగతులు

సాయంత్రపు ఏడుపు: ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా కారణం లేకుండా ఏడుస్తారు. అమెరికా వైద్యుడు టి. బెర్రీ బ్రేజల్టన్ 80 మంది శిశువుల ఏడుపును లెక్కగట్టి 1962లో ప్రచురించారు. రెండు వారాల వయసులో రోజుకు సుమారు పావుతక్కువ రెండు గంటలు, ఆరు వారాలకు సుమారు పావుతక్కువ మూడు గంటలు, పన్నెండు వారాలకు గంటలోపు ఏడ్చారని తేలింది. ఏడుపు ఎక్కువగా సాయంత్రం వేళే ఉండేది. ఈ ఏడుపు మరీ ఎక్కువైతే దాన్ని కోలిక్ అంటారు. 1954లో మోరిస్ వెస్సెల్ అనే వైద్యుడు చెప్పిన లెక్క "రోజుకు మూడు గంటలకు పైగా, వారానికి మూడు రోజులకు పైగా, మూడు వారాలకు పైగా". సుమారు ఐదుగురు పిల్లల్లో ఒకరికి కోలిక్ వస్తుంది. నాలుగైదు నెలల వయసు వచ్చేసరికి దానంతటదే పోతుంది. దీనికి కచ్చితమైన కారణం ఏమిటో వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఒక్క గ్యాస్ మీదే నెపం వేయడం మాత్రం సరికాదు.

ముక్కడం: పసిబిడ్డ పది, పదిహేను నిమిషాలు ముఖం కందగడ్డలా చేసుకుని, ముక్కి, ఏడ్చి, చివరికి మెత్తగానే దొడ్డికి వెళితే అది గ్యాసూ కాదు, మలబద్ధకమూ కాదు. పొట్ట కండరాలు బిగించడం, అదే సమయంలో కింది కండరాలు వదులు చేయడం బిడ్డ ఇంకా నేర్చుకుంటోందన్నమాట. కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ఈలోగా తమలపాకు కాడ ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం వంటివి చేయకండి. సున్నితమైన చోట గాయమవుతుంది. తల్లిపాలు తాగే బిడ్డ నెలన్నర దాటాక కొన్ని రోజులపాటు దొడ్డికి వెళ్ళకపోయినా, పొట్ట మెత్తగా ఉండి, పాలు బాగా తాగుతుంటే భయం లేదు.

ఉక్కపోత: మస్కట్ ఎండాకాలంలో బయట 45 డిగ్రీలు. ఏసీ చలికి భయపడి బిడ్డకు టోపీ, సాక్సులు, రెండు దుప్పట్లు వేసేస్తాం. చెమట పట్టి విసిగిన బిడ్డ ఏడుపు కూడా గ్యాస్ ఏడుపులాగే ఉంటుంది. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. తడిగా, వేడిగా ఉంటే బట్టలు తగ్గించండి.

దారాలు, వెంట్రుకలు: బిడ్డ ఎంతకీ ఊరుకోకపోతే బట్టలన్నీ విప్పి తల నుంచి కాలివేళ్ళ దాకా చూడండి. బాలింతలకు జుట్టు ఎక్కువగా రాలుతుంది. ఆ వెంట్రుక బిడ్డ కాలివేలికో, చేతివేలికో, మగపిల్లల మూత్రాంగానికో చుట్టుకుని బిగుసుకుపోతే రక్తం ఆడక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. మొలతాడు, దిష్టి తాడు, కాలి గజ్జెలు కూడా చూడండి. బిడ్డ పెరుగుతుంది గానీ దారం పెరగదు కదా!

గ్యాస్ అనుకుని ఆగకూడని సందర్భాలు

కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా ఫోన్ సలహాలు, ఇంటి మందులు పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

1. పసరు వాంతి. పాలు కక్కితే తెల్లగానో, పెరుగులానో ఉంటుంది. ముదురు ఆకుపచ్చగా పసరు కక్కితే పేగు మెలిపడి ఉండవచ్చు. రక్తప్రసరణ ఆగిన పేగు కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది. బిడ్డ హుషారుగా ఉన్నా, అర్ధరాత్రి అయినా, తెల్లారేదాకా ఆగకూడదు.

2. చిమ్మినట్టు వాంతి. రెండు నుంచి ఎనిమిది వారాల వయసులో, పాలు తాగిన ప్రతిసారీ దూరంగా పడేటట్టు వాంతి చేసుకుని, వెంటనే మళ్ళీ ఆకలితో ఏడుస్తుంటే జీర్ణాశయం చివరి ద్వారం బిగుసుకుపోయి ఉండవచ్చు. మగపిల్లల్లో, అందులోనూ తొలిచూలు పిల్లల్లో ఇది ఎక్కువ. చిన్న ఆపరేషన్‌తో పూర్తిగా నయమవుతుంది.

3. విడతలు విడతలుగా వచ్చే నొప్పి. పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒకసారి కాళ్ళు ముడుచుకుని కేకపెట్టడం, మధ్యలో పాలిపోయి నీరసంగా వాలిపోవడం. పేగులో ఒక భాగం మరో భాగంలోకి దూరినప్పుడు ఇలా జరుగుతుంది. నాలుగు నుంచి పది నెలల పిల్లల్లో ఎక్కువ. రక్తం, జిగట కలిసిన మలం ఆలస్యంగా కనబడే గుర్తు, దానికోసం ఎదురుచూడకండి.

4. పొట్ట ఉబ్బి, గట్టిగా ఉండి, బిడ్డ నిద్రలో ఉన్నా మెత్తబడకపోవడం. గాలిగానీ, మలంగానీ అసలు పోకపోవడం. పుట్టిన 48 గంటల్లోగా మొదటి నల్లటి మలం పోని బిడ్డ అయితే ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి.

5. గజ్జల్లో గానీ, వృషణాల దగ్గర గానీ గట్టిగా, నొప్పిగా ఉన్న వాపు.

6. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) లేదా అంతకు మించిన జ్వరం. వేరే ఏ లక్షణమూ లేకపోయినా చూపించాల్సిందే.

7. పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం, మాడు గుంటపడడం, డయపర్ తడవకపోవడం, మూలుగుతూ శ్వాస తీసుకోవడం, ఏడుపు మామూలుగా కాక సన్నగా కీచుగా ఉండడం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక జంట తమ నాలుగు వారాల బాబును తీసుకుని రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చారు. వారం రోజులుగా గ్యాస్ అనుకుని అందరూ చెప్పిన చుక్కలన్నీ మార్చి మార్చి వేశారు. "వాంతి అయ్యాక తేలికపడి మళ్ళీ పాలు తాగుతున్నాడు, గ్యాస్ పోయినట్టే కదా" అనుకున్నారు. కార్డు చూస్తే రెండు వారాలప్పటి బరువు కన్నా ఇప్పటి బరువు తక్కువ. ఆ ఒక్క అంకెతో సంగతి అర్థమైంది. స్కానింగ్‌లో పైన చెప్పిన రెండవ జబ్బేనని తేలింది. ఆపరేషన్ జరిగింది, బాబు క్షేమం. ఆ తల్లిదండ్రులు నిర్లక్ష్యం చేసినవాళ్ళు కారు. పగలూ రాత్రీ బిడ్డ పక్కనే ఉన్నారు. అయితే చూపంతా ఏడుపు మీదే ఉండిపోయింది.

దూరప్రాంతాల్లో ఉన్నవాళ్ళకు ఒక సూచన. దుక్మ్ లాంటి చోట్ల ఉంటే, బిడ్డ పుట్టకముందే మీకు దగ్గరలో పిల్లలకు శస్త్రచికిత్స చేయగల ఆస్పత్రి ఏదో, ఎన్ని గంటల ప్రయాణమో తెలుసుకుని రాసిపెట్టుకోండి. ఒమన్‌లో అత్యవసర సేవల నంబరు 9999.

ఇంట్లో చేయదగినవి

పట్టు సరిచూడండి: తల్లిపాలు తాగేటప్పుడు బిడ్డ నోట్లో చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు ఉండాలి. చప్పరిస్తున్నప్పుడు టక్ టక్ శబ్దం వస్తుంటే గాలి వెళుతోందన్నమాట. మెల్లగా విడిపించి మళ్ళీ పట్టించండి.

సీసా పాలైతే: పొడి కొలతను చెంచా అంచుదాకా చదును చేసి వేయండి, కుక్కవద్దు. గట్టిగా గిలకొడితే నురగ వస్తుంది. నురగ తగ్గాక పట్టండి. బిడ్డను కాస్త కూర్చున్నట్టు పట్టుకుని, పీక నిండా పాలు ఉండేటట్టు సీసాను వంచండి. మధ్య మధ్యలో ఆపండి.

మరీ ఆకలయ్యేదాకా ఆగకండి: చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం ఆకలి గుర్తులు. అప్పుడే పాలిస్తే ఏడ్చి గాలి మింగే అవసరం ఉండదు.

త్రేనుపు: పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమరండి. పదిహేను నిమిషాలు నిలువుగా ఎత్తుకుంటే చాలు. త్రేనుపు రాకపోతే కొంపలేమీ మునగవు! చండీగఢ్‌లో 71 జంటల తల్లీబిడ్డలతో జరిగిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. వీపు తట్టి త్రేనుపు తెప్పించడం వల్ల కోలిక్ ఏమీ తగ్గలేదు, పైగా పాలు కక్కడం కాస్త పెరిగింది. కాబట్టి తట్టడం తప్పు కాదు గానీ, నిద్రపోయిన బిడ్డను లేపి అరగంటసేపు బాదనక్కరలేదు.

కాళ్ళ వ్యాయామం, మర్దన: వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్ళూ సైకిల్ తొక్కినట్టు మెల్లగా ఆడించండి. అరచేతికి కాస్త కొబ్బరినూనె రాసుకుని బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో నిమరండి. పెద్దపేగు వెళ్ళే దిశ కూడా అదే. పాలు తాగిన వెంటనే చేయకండి.

బోర్లా వేయడం: బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు మీ ముంజేతి మీదో, ఒడిలోనో బోర్లా వేసుకుంటే చాలామంది పిల్లలకు హాయిగా ఉంటుంది. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. గ్యాస్ పోతుందని బోర్లా నిద్రపుచ్చడం ప్రాణాపాయం.

సూట్‌కేసులో వచ్చే మందులు

పురుడు పోయడానికి ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళ సామానులో గ్రైప్ వాటర్, వస కొమ్ము, ఆముదం, వాము, ఇంగువ తప్పకుండా ఉంటాయి. అవి తెచ్చిన ప్రేమను గౌరవిస్తూనే ఒక్కొక్కటీ చూద్దాం.

గ్రైప్ వాటర్: ఇది మన దేశపు మందు కాదు. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేశాడు. మొదట్లో అందులో సోపు జాతికి చెందిన డిల్ గింజల నూనె, వంటసోడా రకం క్షారం, చక్కెరతోపాటు ఆల్కహాలు కూడా ఉండేది. పిల్లలు ఎందుకు నిద్రపోయేవారో వేరే చెప్పనక్కరలేదు! తర్వాతి కాలంలో ఆల్కహాలు తీసేశారు. అయినా కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. 2007లో అమెరికాలో ఒక బ్రాండు గ్రైప్ వాటర్‌లో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కనబడి వెనక్కి తెప్పించారు. నా సలహా, అవసరం లేదు.

వాము నీళ్ళు, సోపు నీళ్ళు, మామూలు నీళ్ళు: ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మస్కట్ ఎండలకూ ఇది వర్తిస్తుంది. తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే. దాహం వేస్తే ఇంకోసారి పాలివ్వండి. నీళ్ళతో చిన్న పొట్ట నిండిపోతే తాగే పాలు తగ్గుతాయి.

వస: మాటలు బాగా వస్తాయని వస పోయడం మన ఆచారం. గలగలా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అనడం అందుకే వచ్చింది. కానీ వసలో బీటా-అసరోన్ అనే హానికర పదార్థం ఉంటుంది. అమెరికాలో 1968 నుంచి దాన్ని ఆహారంలో నిషేధించారు. నోట్లోకి వద్దు.

ఆముదం, నూనె చుక్కలు: గొంతులోగానీ ముక్కులోగానీ పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే మొండి న్యుమోనియా వస్తుంది. ఒంటికి రాయండి, లోపలికి వద్దు.

తేనె: ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. బాట్యులిజం అనే ప్రమాదకర జబ్బు రావచ్చు.

ఇంగువ పట్టు, తమలపాకు కాపడం: బొడ్డు చుట్టూ ఇంగువ రాయడం వల్ల పెద్ద ప్రయోజనం కనబడలేదు గానీ, బొడ్డు ఊడి పూర్తిగా మానిన తర్వాత, చర్మం కందకపోతే, పెద్ద హానీ లేదు. తమలపాకు వేడిచేసి వేసేటప్పుడు మాత్రం మీ బుగ్గమీద పెట్టి చూసుకోండి. కాలిన పొట్టలతో వచ్చే పిల్లలను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఒమన్‌లోని పాత పద్ధతులు: ఇరుగుపొరుగు ప్రేమతో చెప్పే మందులూ ఉంటాయి. ఒమన్‌లో వెనుకటి నుంచి పిల్లల కడుపునొప్పికి, మలబద్ధకానికి వాడిన బింత్ అల్ దహబ్ (బంగారపు కూతురు అని అర్థం) అనే పసుపుపచ్చని పొడి నిజానికి సీసపు ఆక్సైడ్. 1995లో దీని మీద జరిగిన రసాయన పరీక్షల ఫలితాలు ప్రచురితమయ్యాయి. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. పైగా సీసమే కడుపునొప్పి తెప్పిస్తుంది! సంప్రదాయ సుర్మాలో కూడా సీసం ఉండవచ్చు కాబట్టి కంటికి పెట్టకండి. ఇనుము కాల్చి పొట్టమీద వాతలు పెట్టడం మన పల్లెల్లోనూ ఉండేది, ఇక్కడ వస్మ్ పేరుతో ఉండేది. రెండు చోట్లా బిడ్డకు మిగిలింది కాలిన గాయమే.

మందుల షాపు చుక్కలు: సిమెథికోన్ చుక్కలు చిన్న బుడగలను కలిపి పెద్ద బుడగలు చేస్తాయి. ఒంట్లోకి ఇంకవు కాబట్టి హాని తక్కువ, కానీ పరిశోధనల్లో ఉత్తుత్తి మందు కన్నా మెరుగ్గా పనిచేయలేదు. లాక్టోబాసిల్లస్ ర్యూటెరి అనే ప్రోబయోటిక్ తల్లిపాలు తాగే పిల్లల్లో కోలిక్ ఏడుపును కొంత తగ్గిస్తుందని 2018లో వచ్చిన ఒక విశ్లేషణలో తేలింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మాత్రం ప్రోబయోటిక్‌లు సొంతంగా వేయవద్దు.

బాలింత పత్యం

"నువ్వు పప్పు తిన్నావు, అందుకే బిడ్డకు గ్యాస్" అన్న నింద చాలామంది తల్లులు మోస్తుంటారు. తల్లి పేగుల్లోని గ్యాస్ పాలలోకి రాదు. కందిపప్పు, గుడ్డు, కూరగాయలు అన్నీ మానేసి కారప్పొడి అన్నంతో నెలలు గడిపితే నీరసించేది తల్లే. కొద్దిమంది పిల్లలకు తల్లి తాగే ఆవుపాలలోని ప్రోటీన్ పడకపోవచ్చు. అప్పుడు ఏడుపుతోపాటు ఒంటిమీద దద్దుర్లు, మలంలో రక్తపు చారలు వంటివి ఉంటాయి. అలా ఉంటే వైద్యుడి సలహాతోనే పాలు మాని చూడాలి.

ఇండియా ప్రయాణంలో

మస్కట్ నుంచి హైదరాబాదుకు విమానంలో మూడు గంటలు. విమానం లోపలి ఒత్తిడి రెండు వేల మీటర్ల ఎత్తున్న కొండమీద ఉన్నట్టు ఉంటుంది. కాబట్టి కడుపులోని గాలి సుమారు నాలుగో వంతు వ్యాకోచిస్తుంది. ఎక్కేముందు కడుపునిండా పట్టకుండా కొంచెం కొంచెంగా పాలివ్వండి. పొట్టమీద బెల్టు, డయపర్ బిగుతుగా లేకుండా చూడండి. దిగేటప్పుడు పాలిస్తే చెవుల నొప్పి కూడా తగ్గుతుంది.

తల్లి సంగతి కూడా చూడాలి

2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టం ప్రకారం తల్లికి 98 రోజులు, తండ్రికి 7 రోజులు సెలవు. ఇప్పుడు పైన చెప్పిన ఏడుపు లెక్క గుర్తు చేసుకోండి. ఏడుపు శిఖరానికి చేరేది ఆరో వారంలో. అప్పటికి తండ్రి ఎప్పుడో డ్యూటీలో చేరిపోయి ఉంటాడు, చాలా ఇళ్ళలో అమ్మమ్మ కూడా తిరుగు విమానం ఎక్కేసి ఉంటుంది. నాలుగు గోడల మధ్య ఏడుస్తున్న బిడ్డతో తల్లి ఒక్కతే! మన ఇళ్ళలో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

సహనం నశించిన క్షణంలో బిడ్డను ఒక్కసారి గట్టిగా ఊపినా మెదడులో రక్తస్రావం కావచ్చు. అలాంటి స్థితి వస్తే బిడ్డను ఉయ్యాలలోనో, తొట్టిలోనో వెల్లకిలా భద్రంగా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు పక్క గదిలో కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. పక్క ఫ్లాట్ వాళ్ళకు ఫోన్ చేయండి. కాసేపు ఏడ్చినందువల్ల బిడ్డకు ఏమీ కాదు. తల్లికి దిగులు, నిద్ర పట్టకపోవడం, ఏడుపు రెండు వారాలకు మించి ఉంటే ఆమెకూ వైద్యం కావాలి. తండ్రులారా, ఆరో వారంలో సాయంత్రాలు వీలైనంత త్వరగా ఇంటికి చేరండి. తెలిసినవాళ్ళ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఒక పూట వంట చేసి పట్టుకెళ్ళండి, గంటసేపు బిడ్డను ఎత్తుకోండి. గ్యాస్ చుక్కలన్నిటికన్నా అది మంచి మందు.

ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి అయిదు ప్రశ్నలు రాస్తున్నాను. జ్వరం ఉందా? వాంతి ఆకుపచ్చగా ఉందా? పాలు తాగుతోందా? డయపర్ తడుపుతోందా? ఏడుపు ఆగాక మామూలుగా ఉంటోందా? మొదటి రెండింటికి "లేదు", మిగిలిన మూడింటికి "అవును" అయితే, పైన రాసిన మిగతా ప్రమాద సూచనలు కూడా ఏవీ లేకపోతే, బిడ్డను భుజాన వేసుకుని కాస్త నడవండి. చాలావరకు అది గ్యాసో, సాయంత్రపు ఏడుపో అయి ఉంటుంది, వారాలతోపాటు తగ్గుతుంది. ఒక్క సమాధానం తేడాగా ఉన్నా కారు తాళాలు తీసుకోండి.

మీ పాపాయిలు కడుపునిండా తాగి కంటినిండా నిద్రపోవాలని కోరుకుంటూ, సెలవు.